పనివారు లేని కర్మాగారం: స్వతంత్ర దృశ్యగీతాల ఆచారాలు

ఖరగ్‌పూర్ పట్టణానికి వెలుపల విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ అను పారిశ్రామిక వాడ ఒకటి ఉన్నది. ఇప్పటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని బీర్‌సింహ గ్రామంలో 1820లో జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేర దానికి ఆ నామకరణం జరిగినది. తెలుగువారికి ఆ పేరు పరాయిది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులును మన పెద్దలు దక్షిణదేశ విద్యాసాగరుడని గౌరవించినారు. వితంతు వివాహాల కొరకు పాటుపడిన పండితుని పేరును, నేల త్రవ్వు యంత్రాలు తయారగు వాడకు పెట్టుట కొంత చిత్రంగానే తోచును. కాని తమ జిల్లాలో పుట్టిన మహనీయుని పేరు ఎచ్చట పెట్టుకొన్నను ఆ ప్రాంతంవారికి సంతోషమే.

ఈ వాడకు పాటలతో నేరుగా సంబంధం లేదు. ఐనను, స్వతంత్ర సంగీతకారుల దృశ్యగీతాల ఆచారాలను గురించి ఆలోచించువారికి ఇటువంటి చోటు మంచి గీటురాయి. సొంతంగా పాట కట్టుకొన్న నలుగురు యువకులు ఒక కెమెరా చేతబట్టుకొని ఇటువైపు వచ్చినారనుకొందము. వారేమి చిత్రించెదరో చూడకమునుపే చాలవరకు చెప్పవచ్చును. వెడల్పాటి ఖాళీ రోడ్డు నడుమ గాయకుడు కెమెరావైపు మెల్లగా నడచి వచ్చును. వెనుక విద్యుత్ స్తంభాల వరుస సాగిపోవుచుండును. ఎత్తైన ప్రహరీగోడ ప్రక్కన నిలిచి ఒకడు ఎలక్ట్రిక్ గిటారు వాయించును. ఆ గిటారుకు కరెంటు ఎచ్చటనుండి వచ్చుచున్నదో ఎవరూ అడుగరు. ఒక అమ్మాయి బస్సు కిటికీలోనుండి బయటకు చూచుచుండును. ఆమె ఎవరో, ఎక్కడికి పోవుచున్నదో పాట ముగియువరకు తెలియదు. ప్రొద్దు క్రుంకును. ఇక షిఫ్టు ముగించి సైకిళ్ళపై ఇండ్లకు పోవు కార్మికులు దారికి అడ్డము వచ్చినచో, వారు దాటిపోవువరకు కెమెరా ఆపివేయుదురు. ఈ చివరి సంగతియే ఈ వ్యాసానికి మూలం.

దృశ్యగీతమని నేను వ్రాయుచున్నది లోకం మ్యూజిక్ వీడియో అని పిలుచుచున్న దానినే. స్వతంత్రమనగా సినిమాకు గాని, పెద్ద రికార్డు కంపెనీకి గాని కట్టుబడనిది. ఈ భావం మనకు క్రొత్తది కాదు. గ్రామఫోను రోజులలోనే తెలుగువారు సినిమాలో లేని పాటను ‘ప్రైవేటు పాట’ అన్నారు. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ అట్టిదే. రావు బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావుల గొంతులు ఇండ్లలోకి వచ్చినది సినిమా తెర నుండి మాత్రమే కాదు, ఆ నల్లని పలకల నుండి కూడ. రేడియోవారి లలితగీతాలది అదే కుటుంబం. ఆ పాటలకు బొమ్మ లేదు. వినువాడు కండ్లు మూసికొని తన పెరటిలోని పూలమొక్కనే చూచుకొన్నాడు. ప్రైవేటు పాటకు బొమ్మ తోడగుటతో చిక్కులు మొదలైనవి. ఎవరిని చూపవలెను, ఎవరిని చూపరాదు అను ప్రశ్న అప్పుడు పుట్టినది.

చలనచిత్ర చరిత్ర మొదటి పుటను ఒకసారి తిరుగవేయుట ఇచ్చట అవసరం. లూమియేర్ సోదరులు 1895లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో తమ కర్మాగారం గేటు ఎదుట కెమెరా నిలిపి, పని ముగించి బయటకు వచ్చుచున్న కార్మికులను చిత్రించినారు. ఆ సంవత్సరమే డిసెంబరు 28వ తేదీన పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపిన చిత్రాలలో అదియొకటి. ఒక్క నిమిషమైన లేదు. అందులో స్త్రీలు, పురుషులు, ఒక కుక్క, గుఱ్ఱపు బండి కనిపించును. కదలు బొమ్మ పుట్టినప్పుడు దానికి కర్మాగారమనగా మనుష్యులు బయటకు వచ్చు తలుపు. తొంబది సంవత్సరాలు గడచునప్పటికి పాటల చిత్రాలలో కర్మాగారమనగా ఎవరూ లేని గోడ అయినది. ఈ మార్పు ఎట్లు వచ్చినదో చూడవలసియున్నది.

1965లో బాబ్ డిలన్ లండనులోని సవాయ్ హోటలు ప్రక్క సందులో నిలిచి, తన పాటలోని మాటలు వ్రాసిన అట్టముక్కలను ఒక్కొక్కటిగా చూపి క్రింద పారవేయుచుండగా పెన్నెబేకర్ అను దర్శకుడు చిత్రించినాడు. వెనుకగా కవి అలెన్ గిన్స్‌బర్గ్ ఎవరితోనో మాటలాడుచు నిలిచియుండును. నటన లేదు, నాట్యం లేదు, పెదవులు కదలుటయైన లేదు. నేడు మన సినిమా కంపెనీలు ‘లిరికల్ వీడియో’ అని విడుదల చేయుచున్న వాటికి మూలపురుషుడు ఆ సందులో కనిపించును. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎం.టి.వి. ప్రారంభమగుటతో దృశ్యగీతం ప్రకటనగా, వ్యాపారంగా, అనతికాలంలోనే మహావైభవంగా మారినది. వైభవం లేనివారు ఏమి చేయవలెను? 1985లో ది రీప్లేస్‌మెంట్స్ అను బృందం తమ పాటకు ఒక స్పీకరు పెట్టెను మాత్రమే నలుపు తెలుపులలో చూపి ఊరకున్నది. ఇది బీదతనమా, ధిక్కారమా అని అడిగినచో రెండును అని చెప్పవలెను. స్వతంత్ర దృశ్యగీతాల ఆచారాలన్నియు ఈ రెండింటి సంతానమే.

ఆ ఆచారాలలో కర్మాగారం ఎట్లు ప్రవేశించినదో తెలియుటకు మాంచెస్టరు నగరమే మంచి సాక్షి. ప్రత్తి మిల్లుల నగరమది. మిల్లులు మూతబడిన తరువాత గిడ్డంగులు ఖాళీగా మిగిలినవి, అద్దెలు చౌకైనవి. జాయ్ డివిజన్ అను బృందం 1980 ఏప్రిల్‌లో తమ పాటకు తామే చిత్రం తీసికొన్నది. తీసినది తాము మునుపు సాధన చేసికొన్న పాత గిడ్డంగి గదిలోనే. నెల తిరుగకుండ గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసికొన్నాడు. ఆ మసక గదిని తరువాత చూచినవారికి అది సమాధివలె కనిపించినది. ఆ గోడలు వారి ఎన్నిక కాదు, వారి బ్రతుకు. తండ్రుల తరం పనిచేసిన ఊరిలో పని లేక మిగిలిన పిల్లలు ఆ ఖాళీని చూపినారు. ఆ ఖాళీకి అర్థం ఉన్నది. అర్థం తెగిపోయి ఖాళీ మాత్రం దేశాలు దాటి వచ్చుటయే తరువాతి కథ.

మన దేశంలో సినిమాకు చెందని పాట దేశమంతటి కంటికి ఒక్కమారుగా కనిపించినది 1988 ఆగస్టు 15న దూరదర్శన్ ప్రసారం చేసిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’తో అనవచ్చును. కొండలు, సముద్రం, రైలు, కలకత్తా మెట్రో. ఒక్కొక్క చోట ఒక్కొక్కరు నిలిచి పాడుట. ప్రదేశం మనిషికి చిరునామా అను ఆచారం అప్పుడు స్థిరపడినది. 1994లో ఛానల్ వి, 1996లో ఎం.టి.వి. భారత ప్రసారాలు వచ్చినవి. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ రాజాంతఃపురపు హంగులతో వెలువడినది. దానికి ప్రక్కగా మరొక త్రోవ సాగినది. లక్కీ అలీ ‘ఓ సనమ్’ 1996లో ఈజిప్టు ఇసుకలలో తిరిగినది. యూఫోరియా బృందం 2000 ప్రాంతంలో ‘మాయేరీ’లో ఒక ఆచారాన్ని స్థిరపరచినది: ప్రేమకథ ఎవరిదో, గాయకుడు దానికి సాక్షి. నాయకుడు కాలేని గాయకుడు కథకుడైనాడు. ఇది మన కథాసంప్రదాయానికి దగ్గరిది. హరికథలో దాసుడు, బుర్రకథలో కథకుడు చేయు పనియే.

ఈ కాలంలోనే ఒక చమత్కారం జరిగినది. దలేర్ మెహందీ పాటలు ఆడువారి నాట్యం వలననే నడచుచున్నవని విమర్శ వచ్చినదట. ఆయన 1998లో ‘తునక్ తునక్ తున్’ చిత్రంలో ఇతరులెవరినీ రానీయక, నీలితెర ముందు తానే నలుగురై ఆడినాడు. విమర్శకు ఇంతకంటె ఉల్లాసమైన జవాబును నేనెరుగను.

శుభా ముద్గల్ పాడిన ‘మన్ కే మంజీరే’ (2000) మరొక విధమైనది. గృహహింస నుండి బయటపడిన స్త్రీ లారీ డ్రైవరుగా బ్రతుకు సాగించుట అందులోని కథ. మీతా వశిష్ఠ్ ఆ పాత్ర ధరించినది. అహమ్మదాబాదుకు చెందిన ఒక స్త్రీ నిజజీవితం దానికి ఆధారం. పాట సాగునంతసేపు ఆమె చేతిలో స్టీరింగు ఉండును. ఆ సంవత్సరాల దృశ్యగీతాలలో పనిచేయుచున్న చేతులు కనిపించినవి తక్కువ. లారీలు మాత్రం ఎన్నో కనిపించినవి. లారీ రంగులు కంటికి ఇంపు కదా.

ఇక బొంబాయి సంగతి. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మె కట్టినారు. సమ్మె అధికారికంగా ముగిసినది లేదు, మిల్లులే మూతబడినవి. వాటి ఆవరణలలో కొన్ని దుకాణాలైనవి, కొన్ని నృత్యశాలలైనవి. కొలాబా సముద్రతీరంలోని ముకేశ్ మిల్లు కాలి మూతబడిన తరువాత చిత్రీకరణ స్థలమైనది. పెచ్చులూడిన గోడ, కప్పులేని గదిలో పడు ఎండ, నాచు పట్టిన మెట్లు: ఇవి కెమెరాకు విందు. ఎన్ని పాటలకు ఆ గోడలు వెనుకతెర అయినవో చెప్పుట కష్టం. ఆ గోడల నడుమ కూలి చేసినవారి మాట ఒక్క పాటలోనైన ఉన్నదా అని వెదకుట ఇంకను కష్టం. మాంచెస్టరులో స్మృతియైనది ఇచ్చట అలంకారమైనది.

అలంకారం చెడ్డది కాదు. ఆచారం అంతకంటె చెడ్డది కాదు. ఆచారం లేని కళ లేదు. మన మహాకావ్యాలకు అష్టాదశ వర్ణనలు విధించినారు. సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానవిహారం లేని ప్రబంధం ప్రబంధమే కాదు. నేటి దృశ్యగీతపు సూర్యాస్తమయం, వానలో తడియుట, మేడపై ఒంటరిగా కూర్చుండుట ఆ జాబితాకు మనుమలు. ఐతే ఒక భేదం గమనింపవలెను. ప్రబంధకవి పురవర్ణన చేయునప్పుడు ఊరిని ఖాళీ చేయలేదు. బ్రాహ్మణులు, రాజులు, వైశ్యులు, శూద్రులు, సైనికులు, పూలమ్ము పుష్పలావికలు, అందరును వరుసగా వత్తురు. పుష్పలావికతో బేరమాడు విటుని చమత్కారోక్తి లేని పురవర్ణన అరుదు. ఆ కవులు రాజాస్థానాలలో కూర్చుండి వ్రాసినవారు. బీదల పక్షం వహించినామని ఎన్నడును చెప్పుకొనలేదు. ఐనను వారి వీధిలో జనం ఉన్నారు. స్వతంత్రులమని చెప్పుకొను మన గాయకుల వీధిలో జనం లేరు.

దీనికి కొంత కారణం పనితీరులోనే ఉన్నది. గాయకుడు కలలోవలె మెల్లగా నడచుచుండగా పెదవులు మాత్రం పాటతో సరిగా కలియుట మీరు చూచియుందురు. చేయు విధానమిది: పాటను రెట్టింపు వేగంతో వినిపింతురు, గాయకుడు ఆ వేగానికే నోరు కదల్చును. కెమెరా సెకనుకు ఇరువదియైదు బొమ్మలకు బదులు ఏబది బొమ్మలు తీయును. ఆ బొమ్మలను మామూలు వేగంతో చూపినచో నడక సగమగును, జుట్టు గాలిలో తేలును, పెదవులు పాటతో కలియును. చిత్రీకరణ జరుగుచుండగా దూరమునుండి చూచువానికి ఒక యువకుడు పిట్టవలె కిచకిచలాడుచు గబగబ నోరు కదల్చుట కనిపించును. అటువంటి చోట ప్రక్కన మామూలు మనిషి ఒకడు నడచినచో అతడును కలలో నడచినట్లే కనిపించును; అతని పని, తొందర, అలసట అన్నియు కరిగిపోవును. కనుక అతనిని తప్పించుటయే మేలని దర్శకుడు తలచును. మరియు జనం ఉన్న చోట అనుమతులు, రుసుములు, గుంపులు. ఆదివారం ఉదయమే ఖాళీ రోడ్డు దొరకును. డబ్బు లేనివాని ఆచారాలలో సగం ఆదివారపు ఆచారాలు.

డబ్బులేమి నుండి మంచి ఆచారాలును పుట్టినవి. కత్తిరింపులు లేక ఒక్క బిగిని చిత్రించుట అందులో ఒకటి. 2006లో ఓకే గో బృందం ఎనిమిది ట్రెడ్‌మిల్లు యంత్రాలపై ఆడిన పాటను గాయకుని సోదరి ట్రిష్ సీ ఇంటిలోనే చిత్రించినారు. పదునేడు మార్లు ప్రయత్నించినారు. ఖర్చు తగ్గినది, చెమట పెరిగినది. ఆ చెమట తెరపై కనిపించును.

ఖరగ్‌పూర్ వంటి ఊరికి ఈ ఆచారాలు చేసిన అన్యాయం రైలు విషయంలో బాగుగా తెలియును. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని కట్టినది. శతాబ్దపు మలుపులో వర్క్‌షాపు వెలసినది. పాత విశాఖపట్టణం, గంజాం జిల్లాల నుండి తెలుగువారు కుటుంబాలతో వచ్చి స్థిరపడినారు. ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, పోర్టర్లు, పట్టాలు సరిచేయు గ్యాంగుమన్లు. 1927లో ఆ ఊరు రైల్వే సమ్మెను చూచినది. ఆ రైల్వే కార్మికుల నాయకులలో వి. వి. గిరి ఒకరు. అప్పటివారి మనుమలు, మునిమనుమలు నేటికిని ఆ ఊరిలో తెలుగు మాటలాడుచున్నారు, అమ్మవారి పండుగ చేసికొనుచున్నారు. ఊరి ప్లాట్‌ఫారం 1072 మీటర్లకు పైబడి ఒకప్పుడు ప్రపంచంలోకెల్ల పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి.

దృశ్యగీతంలో రైలు అనగా విరహం, ప్రయాణం, స్వేచ్ఛ. గాయకుడు పట్టాలపై చేతులు చాచి నడచును. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లవానికి పట్టా అనగా తండ్రి సుత్తితో కొట్టి బిగుతు చూచు ఇనుము. ఎండకు వ్యాకోచించును, చలికి సంకోచించును, రాత్రివేళ నడచి చూడవలెను. అదియునుగాక, అనుమతిలేక పట్టాలపై నడచుట 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం. ఆరు నెలల జైలు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. పాటలో స్వేచ్ఛకు గుర్తుగా నిలిచినది చట్టంలో అక్రమ ప్రవేశం, రైల్వేవాని ఇంటిలో ప్రాణభయం. ఈ మూడు అర్థాలలో మొదటిదే తెరకెక్కినది.

2005లో యూట్యూబ్ పుట్టినది. ఛానల్ దయాదాక్షిణ్యాలు అక్కరలేకపోయినవి. 2011 నవంబరులో ‘కొలవెరి డి’ చిత్రం వెలువడినప్పుడు అందులో కనిపించినది రికార్డింగు గది మాత్రమే: చెవులకు హెడ్‌ఫోనులు, చేతిలో కాగితం, నవ్వులు. బీదవాని ఆచారమది, అవలంబించినది సినిమా. నాటినుండి లక్షలు వెచ్చించి బీదగా కనిపించుట కూడ ఒక విద్య అయినది.

తెలంగాణ జానపద దృశ్యగీతాల ప్రవాహం ఈ సంవత్సరాలలోనే వచ్చినది. పెంకుటిల్లు, వాకిట ముగ్గు, పొలంగట్టు, తాటివనం, లంగావోణి, ట్రాక్టరు, ఆకాశం నుండి డ్రోను చూచిన పచ్చదనం. మరదలిని ఆటపట్టించు బావ. పాటకు ముందు పేర్లు వరుసగా పడును: సాహిత్యం, గానం, సంగీతం, కెమెరా, నిర్మాత. పాట వ్రాసినవాని పేరుకు ఇంత పెద్ద అక్షరాలు సినిమాలో దొరకవు. ఈ ఒక్క ఆచారానికి నమస్కారం చేయవలెను. నాట్లు వేయు స్త్రీల పాటలనుండి బాణీలు తెచ్చుకొన్నవారు నాట్లు వేయు స్త్రీలను తెరపై చూపుటయు కద్దు. ఐతే నృత్యం మొదలుకాగానే నాటు ఆగిపోవును. 2021లో లక్ష్మణ్ వ్రాయగా, ఎస్. కె. బాజీ సంగీతం కూర్చిన ‘బుల్లెట్టు బండి’లో గాయని మోహన భోగరాజు తానే తెరపై కనిపించినది. కొన్ని నెలలకు తెలంగాణలో ఒక పెండ్లికూతురు వరుని యెదుట ఆ పాటకు ఆడిన దృశ్యం దేశమంతట వ్యాపించినది. అసలు చిత్రానికి ఎంత శ్రమపడినారో గాని, వీధిలో, జనం నడుమ, ఫోనులో పట్టిన ఆ దృశ్యమే చాలమందికి పాట బొమ్మగా నిలిచినది. ఖాళీ చేయని వీధికి గల బలమది.

బెంగాలులో 2021 చివర ఇంతకంటె తేటయైన ఉదాహరణ కనిపించినది. బీర్భూం జిల్లాకు చెందిన భుబన్ బాద్యకర్ ఊరూర తిరిగి పచ్చి వేరుశనగలు అమ్మువాడు. పాత నగల ముక్కలకు బదులుగా కాయలిత్తునని అతడు కట్టుకొన్న అమ్మకపు పాటను ఎవరో ఫోనులో చిత్రించినారు. ఆ బొమ్మలో అతడు పనిలో ఉన్నాడు. పాట ప్రపంచమంతట ప్రాకిన తరువాత అతనికి తళుకుల కోటు తొడిగి కలకత్తాలో వేదిక ఎక్కించినారు. బాగుపడిన మనిషి మంచి కోటు తొడుగుకొనుటను ఆక్షేపించు హక్కు ఎవరికిని లేదు. కాని ఆచారం ఎంత త్వరగా పనిచేయునో చూడుడు. పాడువానిని తెరపై నిలుపుటకు ముందు అతని తట్టను ప్రక్కకు తీసివేసినది.

2021 మార్చిలో తమిళంలో వెలువడిన ‘ఎంజాయ్ ఎంజామి’ మరొక దారి చూపినది. సింహళపు తేయాకు తోటలలో కూలి చేసి, తిరిగి తమిళనాడు చేరిన తన అమ్మమ్మ వల్లియమ్మాళ్ బ్రతుకును తీసికొని అరివు ఆ పాట కట్టినాడు. ధీ అతనితో కలిసి పాడినది. అమిత్ కృష్ణన్ తీసిన ఆ చిత్రంలో రంగులు, వేషాలు, నృత్యాలు, ఆకాశదృశ్యాలు, ఆచారమన్నది ఒక్కటియు విడిచిపెట్టలేదు. కాని వాటి నడుమ ఆ ముసలమ్మ స్వయంగా కనిపించును. ఖరగ్‌పూర్‌కు పోయిన మన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఇంచుమించు ఇటువంటి కథయే ఉన్నది. ఆ కథలో తేయాకుకు బదులు ఇనుము, ఓడకు బదులు రైలు. అది ఇంకను పాట కావలసియున్నది. ఆ సంవత్సరం ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రంపై ధీ, మరొక గాయకుడు కనిపించినారు, అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ మొదలైనవారు బహిరంగంగా ప్రశ్నించినారు. పత్రిక ఆ తరువాత అరివు బొమ్మతో మరొక ముఖచిత్రం వెలువరించినది.